కల్యాణ కుసుమాలు

నేడు తెలుగునాట పెండ్లిపందిరి యనగానే కంటికి కట్టునది పసుపుపచ్చని బంతిపూల తోరణము. వీధిగడపకును, మండపపు నాలుగు మూలలకును, వధూవరులు వచ్చు వాహనపు ముందుభాగమునకును అదే తోరణము. బంతి లేని శుభకార్యమును ఊహించుటయే మనకు కష్టమైపోయినది. అయినను ఇది మన ప్రాచీనులు చూడని పువ్వు. దీని పుట్టినిల్లు మెక్సికో దేశము. కొలంబసు సముద్రయానము తరువాత, పోర్చుగీసు నావలు మన తీరములను తాకుచుండిన కాలమున, మిరపకాయయు పొగాకును వచ్చిన దారినే ఇదియు వచ్చినది. శాతవాహనుల ధాన్యకటకమున గాని కాకతీయుల ఓరుగంటిలో గాని ఏ పెండ్లికూతురి ముంగిటను బంతితోరణము వ్రేలాడలేదు. దండలలో నేడు పెద్దపీట వేసికొని కూర్చున్న లిల్లీ, అనగా మన పల్లెలవారు నేలసంపెంగ యనునది, అదియు మెక్సికోనుండి దిగినదే. చేమంతి చీనా దేశపు ఆడపడుచు. ఇట్లు పరాయినేలల పూలు మనవై, మన మంగళకార్యములకు తప్పనిసరి యగుటలో అనౌచిత్య మేమియు లేదు. కాని 'అనాదిగా వచ్చుచున్న ఆచారము' అని మనము చెప్పుకొను దానిలో అనాది యైన దెంత, నిన్న మొన్నటి దెంత యని విచారించుట చరిత్రకారుని పని గనుక, పెండ్లికి ఏ పూవు తగునని మన పెద్దలు ఎంచిరో, దానిని ఎవరు పండించి ఎవరు అల్లిరో, ఎవరిని ముడుచుకొమ్మనిరో, ఎవరిని వలదనిరో కొంత నెమ్మదిగా పరిశీలింపవలసి యున్నది.

అమరావతీ మహాస్తూపపు శిలలను చూచినవారికి తెలుగుదేశమున పూలమాలకు గల ప్రాచీనతను వేరుగ చెప్ప నక్కరలేదు. స్తూపము చుట్టునుండిన ప్రాకారమునకు పైభాగమున, ఉష్ణీషమని శిల్పశాస్త్రజ్ఞులు పిలుచు ఆ రాతిపట్టీ పొడవునను, ఒక మహామాల లేచుచు వంగుచు అలలు అలలుగా సాగిపోవుచుండును. దానిని యువకులును పొట్టి యక్షులును భుజములపై మోయుచుందురు. ఇంచుమించు పదునెనిమిది వందల యేండ్ల క్రిందటి ఆ శిల్పి, మాలలోని పూవుల వరుసలను, వరుసల నడుమ బిగించిన అడ్డుకట్లను ఎంత శ్రద్ధతో చెక్కెననగా, ఆతడు దండ కట్టువారి ప్రక్కన కూర్చుండి ఆ పనిని చూచినవా డనుటకు సందేహము లేదు. 1797లో కాలిన్ మెకంజీ ఆ దిబ్బను చూచిన తరువాత ఆ శిల లనేకములు చెదరిపోయి, కొన్ని చెన్నపట్టణమున ఎగ్మూరు మ్యూజియమునకును, కొన్ని లండనులోని బ్రిటిష్ మ్యూజియమునకును చేరినవి. ఆ మాల బుద్ధపూజకై కట్టినది, పెండ్లికి కాదు. అయినను మాల కట్టు విద్య ఒక స్థిరమైన శిల్పముగ నాటికే ఈ కృష్ణాతీరమున వెలసియుండినదని చెప్పుటకు ఇంతకంటె గట్టి సాక్ష్యము మనకు వేరొకటి లేదు. వాత్స్యాయనుడు పేర్కొనిన అరువదినాలుగు కళలలో మాలలు గ్రుచ్చుట ఒకటి. శిరస్సున ధరించు శేఖరములను, ఆపీడములను కూర్చుట మరియొకటి. పూవులు పరచి శయ్య తీర్చుట ఇంకొకటి. నాగరకుడైన గృహస్థుని యింట ఈ కళలు సంగీత నృత్యములతో సమానముగ లెక్కింపబడినవి.

పెండ్లిదండను ఏ పూలతో కట్టెడివా రను ప్రశ్నకు కాళిదాసు చెప్పు సమాధానము నేటివారికి ఆశ్చర్యము గొలుపును. రఘువంశమున స్వయంవరమునకు వచ్చిన ఇందుమతి చేతిలోని మాల మల్లెలది కాదు, గులాబీలది యసలే కాదు. అది గరికతో చేర్చి కట్టిన ఇప్పపూల మాల. కుమారసంభవమున పార్వతిని పెండ్లికూతును చేయునప్పుడు ఆమె కురులను చుట్టినదియు గరికతో కూడిన ఇప్పపూల దండయే. నేడు ఇప్పపూవనగా మనకు ఆదిలాబాదు గోండుల గూడెములును, భద్రాచలపు మన్యమును, ఎండబెట్టి నిలువ చేసికొను ఆహారమును, కాచిన సారాయియు జ్ఞప్తికి వచ్చును గాని పెండ్లి జ్ఞప్తికి రాదు. హాలుని గాథాసప్తశతిలో గోదావరీతీరపు ఇప్పచెట్టును గూర్చిన మాటలు కలవు. కావున ఈ నేలకు ఆ పూవుతో గల చుట్టరికము మిక్కిలి పాతది. మన నాగరకులు మరచిపోయిన కల్యాణపుష్పమును అడవిబిడ్డలు మరువక కాపాడుకొనుచున్నారు. కాళిదాసు ఆ ఇందుమతి మరణమును గూడ పూలమాలతోనే చెప్పెను: నారదుని వీణపైనుండి జారిన దివ్యమాల రొమ్మున పడగా ఆమె ప్రాణము విడిచినది. దండతో మొదలైన దాంపత్యమును దండతోనే ముగించిన ఆ కవి, మాలకు గల బరువు ఎంతటిదో తెలిసినవాడు.

స్వయంవరము రాజకన్యల కథలలో మిగిలిపోయినను, వధూవరులు దండలు మార్చుకొనుట మాత్రము దాని గుర్తుగా మన పెండ్లిండ్లలో నిలిచియున్నది. పెండ్లితంతును బట్టి చూచినచో మన వివాహమునకు ఆయువుపట్టు లనదగినవి సుముహూర్తమున జీలకర్రబెల్లము, మాంగల్యధారణము, పాణిగ్రహణము, సప్తపది; వీనిలో దేనికిని పూలదండ అనివార్య మనరాదు. దండ శాస్త్రమునుండి కాక లోకమునుండి పందిరిలోనికి వచ్చినది. అట్లు వచ్చిన దానికి మన సాహిత్యమున ఒక మహాకావ్యమే పీఠముగ నమరినది. 1509 మొదలు 1529 వరకు విజయనగరము నేలిన శ్రీకృష్ణదేవరాయలు, కృష్ణాతీరపు శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి ఆనతిచ్చెనని చెప్పి వ్రాసిన ఆముక్తమాల్యద, సర్వమును ఒక పూలదండ చుట్టు తిరిగిన కథ. విల్లిపుత్తూరి విష్ణుచిత్తుడు స్వామికై కట్టిన మాలను ఆయన కూతురు గోదాదేవి రహస్యముగ తాను ముందు ధరించి, బావినీటిలో తన నీడను చూచుకొని, పిదప పంపుచుండుటయు, ఆ ముడిచి విడిచిన మాలయే స్వామికి ప్రీతిపాత్ర మగుటయు, తుదకు శ్రీరంగమున ఆమె రంగనాథుని పెండ్లియాడుటయు అందలి వృత్తాంతము. నేటికిని బ్రహ్మోత్సవములకు విల్లిపుత్తూరినుండి ఆండాళ్ మాల తిరుమలకు వచ్చును. భోగినాడు తెలుగుదేశపు వైష్ణవాలయములలో గోదాకల్యాణము జరుగును. వాడిన పూవు దేవునికి పనికిరాదను నియమమును ఒక కన్య ప్రేమ త్రోసిపుచ్చిన కథను, ఒక చక్రవర్తి తెలుగులో చెప్పుకొనుట మన భాగ్యము.

ఆ విజయనగరమున పూలకు జరిగిన మర్యాదను కన్నులార చూచి వ్రాసిన విదేశీయుడు అబ్దుర్ రజాకు. పారసీక ప్రభువు షారుఖ్ పంపగా దూతగా 1443లో, రెండవ దేవరాయల కాలమున, ఆ నగరమునకు వచ్చిన ఈతడు, అక్కడ గులాబీలు ఎల్లయెడల అమ్మబడుచుండుటను, పురజనులు అన్నమెంత అవసరమో గులాబీయు అంత అవసరమని భావించుటను విశేషముగ పేర్కొనెను. గులాబీలకు పేరుగన్న పారసీకమునుండి వచ్చినవాడే అంతగా విస్మయపడెననగా ఆ అంగడుల వైభవ మెంతటిదో మనము గ్రహింపవచ్చును. గులాబీ పూవుకంటె దాని నీరు మనవారికి ముందే పరిచితము: కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనమున సుంకము విధింపబడిన సరకులలో కర్పూరము, చందనము, ముత్యములతోపాటు పన్నీరును కలదు. పెండ్లికి వచ్చిన చుట్టములపై పన్నీరు చిలుకరించి గంధము పూయు మర్యాద వెనుక ఇట్టి సముద్రవ్యాపారము నిలిచియున్నది. కొండవీటి కుమారగిరిరెడ్డి ఏటేట వసంతోత్సవము జరిపి కర్పూరవసంతరాయ డని పేరొందెను. ఆ ఉత్సవములకు సుగంధద్రవ్యములు తెప్పించి యిచ్చిన అవచి తిప్పయ సెట్టికి శ్రీనాథుడు హరవిలాసమును అంకిత మిచ్చెను. పరిమళములు అమ్మిన వర్తకుడు కృతిభర్త యగుట సామాన్యమైన సంగతి కాదు. ప్రబంధకవులు పురవర్ణన చేయునప్పుడు ఏనుగులను, గుర్రములను, చతుర్వర్ణముల వారిని వర్ణించిన పిదప పుష్పలావికలను తప్పక వర్ణించుట ఒక సంప్రదాయమైనది. వారి వర్ణనలలో సరసోక్తులే యెక్కువ. పువ్వులమ్మి బ్రదుకు స్త్రీ తెల్లవారుజామున ఎన్ని గంటలకు లేచెడిదో, ఎంత కూలి కిట్టెడిదో ఒక్క కవియు చెప్పలేదు.

ఆ బ్రదుకులను గూర్చి కొంతైనను చెప్పినవారు ఆంగ్లేయులు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రకటించిన దక్షిణదేశపు కులముల గ్రంథమున సాతానులను గూర్చి వ్రాయుచు, ఆలయములలో దండలు కట్టుట, స్వామి ఊరేగునప్పుడు దివిటీలు పట్టుట, గుడి ఊడ్చుట, విసనకర్రలును గొడుగులును చేయుట వారి వృత్తులుగ పేర్కొనెను. వైష్ణవాలయములందు సాతానులును, శివాలయములందు తంబళ్ళును పూలసేవ చేయుచుండిరి. గ్రామమున పెండ్లి వచ్చినప్పుడు దండలకును, బాసికములకును వారి యింటికే కబురు పోయెడిది. పనికి ప్రతిఫలము రొక్కముగ గాక ధాన్యముగను, బట్టగను, దేవుని మాన్యముగను ముట్టెడిది. ఈ వృత్తిని మన పురాణములు చిన్నచూపు చూడలేదు. మథురలో ప్రవేశించిన బలరామకృష్ణులకు మంచి దండలు వేసి పూజించిన సుదాముడు మాలాకారుడు. ఆతడు కోరిన భక్తిని కృష్ణు డొసగెనని భాగవతము చెప్పుచున్నది. తిరుమలమీద పూదోట వేయుటకు ఎవరు పోయెదరని రామానుజులు శిష్యుల నడుగగా, ఆ చలికొండకు నేను పోయెదనని లేచిన అనంతాళ్వారు, గర్భవతి యైన భార్యతో కలిసి తోటకు చెరువు త్రవ్విన కథ, బాలుని రూపమున సాయపడవచ్చిన స్వామి గడ్డమునకు ఆయన గునపము తగిలిన కథ, తిరుమల యాత్రికులెల్లరు ఎరిగినదే. ఆ గునపమును నేటికిని మహాద్వారమున చూపుదురు. కొండమీద పూచిన పూవెల్ల స్వామిదే యను భావముచే అచ్చట స్త్రీలు తల పూలు ముడువరు. మెట్టుదిగిన వెంటనే ఆ నియమము తీరిపోవును. తిరుపతి వీధులలో పెండ్లిజంటలు దండలతోనే తిరుగుచుందురు.

ఇక తెలుగు పెండ్లికూతురి పూలజడను గూర్చి కొంత విపులముగ చెప్పవలెను. ఏలయనగా మన స్త్రీలు తమకు తాము కల్పించుకొనిన కళలలో ఇంత సుకుమారమైనది, ఇంత స్వల్పాయువైనది మరియొకటి లేదు. వేసవిలో మల్లెలు విరివిగ వచ్చిన దినములలో ఆడపిల్లలకు ముచ్చటకై వేయునది చిన్న పూలజడ, పెండ్లినాటిది పెద్దది. కురులకు సవరము చేర్చి నడుము దిగునట్లు గట్టిగ అల్లిన జడపై మొదట ఒక ఆధారము కుట్టుదురు. అది అరటిదూట పట్టయో, అట్టముక్కయో, గట్టి గుడ్డయో కావచ్చును. దానిపై మల్లెమొగ్గలను సూదితో గ్రుచ్చి, తొడిమలు లోనికి, ముక్కులు వెలికి వచ్చునట్లు వరుసవరుసగ కుట్టుకొని పోవుదురు. అంచులకు కనకాంబరము, నడుమ పచ్చదనమునకు మరువము, చివర మూడు జడకుచ్చులు. పైనుండి దిగునప్పుడు తలపై రాగిడియు, మెడవంపున నాగరమును, జడనడుమ చేమంతిబిళ్ళలును బంగారువైనను, వెండివైనను, వాని ఆకారమంతయు పూలనుండి ఎరువు తెచ్చుకొనినదే. ఈ పనిలోని అసలు రహస్యము మొగ్గను ఎంచుటలో కలదు. విచ్చిన పూవు కుట్టుటకు పనికిరాదు. మరీ పసిమొగ్గ విచ్చక మాడిపోవును. తెల్లవారుజామున కోసిన, ఆ సాయంకాలమునకు విచ్చనున్న మొగ్గను ఏరి మధ్యాహ్నమునకు కుట్టుట ముగింపవలెను. అప్పుడు ఎదురుకోలు వేళకు అవి మొగ్గలుగనే యుండి, రాత్రి ముహూర్తమునకు అడ్డుతెర వెనుక ఆమె తల వంచి కూర్చున్నప్పుడు ఒక్కుమ్మడిగ విచ్చును. ముహూర్తము తెలియక పూలజడ కుట్టుట కుదరదు. పంచాంగమును చూచిన తరువాతనే సూది పట్టుకొనెడివారు. ఏ ఇంజనీరును ఏ గడియారముతోను ఇంత నిక్కముగ లెక్క కట్టి యుండడు.

మొగలిరేకుల జడ దీనికి అప్పచెల్లెలు. మొగలి వానకారు పూవు. దాని రేకులకు అంచుల ముండ్లుండును. ఆ ముండ్లు ఒలిచి, లేత రేకులను మడతలు పెట్టి చాపవలె అల్లి జడకు కుట్టుదురు. పరిమళము ఎంత గాఢమనగా మరునాటికి గదిలోని చీరలకును అది పట్టియుండును. బ్రహ్మకు దొంగసాక్ష్యము చెప్పెనన్న దోషమున శివుడు శపింపగా మొగలి శివపూజకు వెలి యైనదని పురాణము. ఆ వెలియైన పూవునే మన తల్లులు నిస్సంకోచముగ పెండ్లికూతురి తలకెక్కించిరి. శాస్త్రము వేరు, ముచ్చట వేరు అని వారికి తెలియును. బాసికము సంగతి వేరు: దానిని వధూవరులిద్దరి నుదుటను కట్టవలెను. బెండును, దారములను, పూసలను కూర్చి చేసినదియు, పచ్చిపూలతో కట్టినదియు కలవు. మొగలిరేకులు వాడిపోవును, బెండు బాసికము మాత్రము ఏండ్ల తరబడి పెట్టెలలో నిలుచును.

ఐదు దినముల పెండ్లిండ్లు జరిగిన కాలమున పూల ఖర్చు ఒక్క ముహూర్తముతో తీరెడిది కాదు. స్నాతకము, గౌరీపూజ, తలంబ్రాలు, సదస్యము, నాగవల్లి – ఒక్కొక్క దినమునకు వేరు వేరు దండలు. వధూవరుల బిడియము తీరుటకై ఆడించెడి పూలచెండ్లాట ఒకటి. గర్భాధానపు శయ్యకు విడిపూలు వేరు. బాలికలకు పెండ్లి చేసిన ఆ దినములలో చెండ్లాట నిజముగ ఆటయే. వరుడును వధువును చెండ్లు విసరుకొనుచుండగా ముత్తైదువలు పాటలు పాడెడివారు. ఒక దినపు పెండ్లి వచ్చిన తరువాత చెండ్లాట మొదట పోయినది. దానిని గూర్చి నేను చింతింపను, బాల్యవివాహముతో పాటు పోయినది గనుక.

పూలను గూర్చిన మన ఆచారములలో మధురమైనవి యెన్ని కలవో, క్రూరమైనది ఒకటి అంతకు మించి కలదు. భర్త పోయిన స్త్రీ తల పూవు ముడువరాదు. పెండ్లినాడు పూలజడ కుట్టించుకొనిన బాలిక, ఆ పూల రంగైనను మరువకముందే వితంతువయ్యెనేని, ఆ దినము మొదలు మల్లెతోట ప్రక్కనే జీవించినను మొగ్గను తాకరానిదై పోయెడిది. పూవు అలంకారము మాత్రమే యైనచో దానిని మాన్పించుటకు ఇంత పట్టుదల ఉండెడిది కాదు. సమాజము దానిని ఒక అధికారముద్రగ ఎంచి, ఇచ్చినప్పుడు ఆడంబరముగ ఇచ్చి, తీసికొనునప్పుడు నిర్దయగ తీసికొనెను. 1856లో పునర్వివాహమును అంగీకరించు చట్టము వచ్చెను గాని తెలుగుదేశమున అది కాగితముననే నిలిచెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించినప్పుడు, వెలివేతలను, బెదిరింపులను లెక్కచేయక ఆ యింట మంగళవాద్యములు మ్రోగినవి. ఆనాడు ఒక బాలవితంతువు మరల పెండ్లికూతురై పీటలపై కూర్చున్నది. తెలుగు పెండ్లిపూల చరిత్రలో నేను మిక్కిలి గౌరవించు దినము అదియే. పుట్టిననాటినుండి ముడుచుకొనుచున్న పూలు భర్త యిచ్చినవి కావు, పుట్టింటివారు పెట్టినవి. వానిని తీసివేయుటకు ఎవ్వరికిని అధికారము లేదు. ఈ మాట నేడు పలువురు స్త్రీలు తామే చెప్పుచున్నారు. అయినను కూతురి పెండ్లిలో తల్లి, వితంతువైన కారణమున, పూలపళ్ళెరము పట్టుటకు వెనుకాడు ఇండ్లు ఇప్పటికిని కలవు.

తెలంగాణమున పూల చరిత్రకు మరికొన్ని పాయలు కలిసినవి. హైదరాబాదు ముస్లిముల పెండ్లిలో వరుని ముఖమునకు పూలసరముల తెర, సెహ్రా, వ్రేలాడుచుండును. వధువు చేతులకు మల్లెల గజ్రాలు. సెహ్రాను గూర్చి కవిత చెప్పుటయు ఒక ఆచారము. ఢిల్లీలో గాలిబు, జౌకు ఒకే రాకుమారుని పెండ్లికి పోటీపడి సెహ్రాలు చెప్పిరి. హైదరాబాదు జాంబాగు అంగడిలో సెహ్రా కట్టు చేతులును, బాసికము పూలు ఏరు చేతులును ఒకే గంపలోనుండి మల్లెలు తీసికొనినవి. పల్లెలలో బతుకమ్మ పేర్చుట బాల్యమునుండియే నేర్చిన స్త్రీలకు తంగేడు, గునుగు, కట్ల, గుమ్మడిపూలను రంగు చూచి వరుసలు దీర్చుట సహజవిద్య. ఆ కన్ను పెండ్లిపందిరిలోను పనికివచ్చినది.

పెరటిపూవు సంతసరకు అయిన విధము చెప్పక ఈ కథ పూర్తి కాదు. పూర్వము పెండ్లికి పూలు ఊరిలోనే లభింపవలెను; ప్రక్కయూరి తోటనుండి తడిగుడ్డలో చుట్టి తెచ్చుట కంటె దూరము పోవుట సాధ్యము కాదు. ఆర్థర్ కాటన్ పూనికతో 1847 మొదలు 1852 లోపల ధవళేశ్వరపు ఆనకట్ట నిలిచి, కాలువలు పారి, గోదావరి ఒండ్రునేలలకు ఏడాది పొడవున నీరు దొరికెను. 1900లో రాజమహేంద్రవరము వద్ద గోదావరిపై రైలువంతెన తెరచిరి. నీరు పంటను పెంచినది, రైలు దూరమును తగ్గించినది. కడియము, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక గ్రామములు నేడు పూలకును, మొక్కల నర్సరీలకును దేశమంతట పేరొందినవి; కడియపులంక పూలసంతలో తెల్లవారకముందే బేరములు సాగును. మైలవరము వైపు మల్లెతోటలు, చిత్తూరు జిల్లాలో చేమంతి, అనంతపురము వైపు కనకాంబరము, హైదరాబాదుకు సమీపమున చేవెళ్ళ ప్రాంతపు పూలు – ఒక్కొక్క నేల ఒక్కొక్క పూవును తనదిగ చేసికొనినది. మల్లెకు చలికాలమున ఆకు రాల్చి, కొమ్మలు కత్తిరించి, ఎండ ముదురుచుండగా నీరు పెట్టవలెను. అప్పుడు ఫాల్గుణమున మొగ్గ తొడిగి వైశాఖ జ్యేష్ఠములలో విరగబూయును. కోత ప్రొద్దుపొడుపునకు ముందే. మొగ్గ కోయువారు అధికముగ స్త్రీలు. దీపము పట్టుకొని, పాములకు వెరచుచు, మంచుతడి ఆరకమున్ను కోసి ముగింపవలెను. అంగడిలో మూరకు వెల కట్టునప్పుడు మనము మోచేతి పొడవునే చూతుము. ఆ మూర వెనుక గడచిన రాత్రిని చూడము. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాపమును ఘంటసాల కంఠమున విని పూవుల బాధకు కన్నీరు పెట్టిన తెలుగువారు లక్షలకొలది. కోసిన చేతుల బాధకు అంతటి కావ్యము ఇంకను రావలసియున్నది.

ఫోటో స్టూడియోలు వచ్చిన తరువాత పూలజడకు కొత్త గౌరవము కలిగినది. పెండ్లికూతును నిలువుటద్దము ముందు నిలిపి, ముఖమును, అద్దములో జడయును ఒకేసారి పడునట్లు తీయించిన చిత్రములు నేటికిని అనేక గృహముల గోడలపై కలవు. ఆ చిత్రములే మనకు పూలజడల ఏకైక చరిత్రపత్రములు. కుట్టిన స్త్రీల పేర్లు వానిపై లేవు. కాని అంచు ఎట్లు తిప్పిరో, కనకాంబరము ఎన్ని వరుసలు వేసిరో, కుచ్చులు ఎక్కడ కట్టిరో శ్రద్ధగ చూచువారికి తెలియును. రంగులు లేని ఆ ఫోటోలలో తెల్లని మల్లె, నల్లని కురులు మిగుల స్పష్టముగ పడుటచే అవి కళకే ఉపకరించినవి.

గత ముప్పది నలుబది యేండ్లలో పెండ్లిపూల ఎంపిక మరియొక దారి పట్టినది. గ్రీన్‌హౌసులలో పెంచిన గులాబీ, జెర్బెరా, కార్నేషను, థాయిలాండునుండి విమానమున వచ్చు ఆర్కిడ్డు మండపములను నింపుచున్నవి. చూపునకు అవి నిండుగ నుండును, వాడుట ఆలస్యము, చీర రంగునకు తగిన రంగు దొరకును. అలంకరణను వృత్తిగ చేసికొనిన యువకులకు వీనిచే జీవనము సాగుచున్నది గనుక వీనిని నిందించుట న్యాయము కాదు. బంతి వచ్చిననాడు గూడ పెద్దలు కొందరు ముక్కు విరిచియుందురు. కాని నాకు రెండు ఆక్షేపణలు కలవు. ఒకటి: పరిమళము లేని పందిరి తెలుగు పందిరి కాదు. మన పెండ్లి చూచుటకు ఎంత జరుగునో, ఆఘ్రాణించుటకు అంత జరుగును. గంధము, పన్నీరు, మల్లె, హోమధూమము కలిసిన ఆ వాసనయే ఎన్ని యేండ్లకైనను పెండ్లిని జ్ఞప్తికి తెచ్చునది. రెండవది: ప్లాస్టిక్కు పూలును, పూలను గ్రుచ్చుటకై వాడు రంగు స్పాంజియు మరునాడు చెత్తకుప్పలో పడి మట్టిలో కలియకయే యుండును. వాడిన దండ ఏ చెట్టుమొదట వేసినను ఎరువగును.

పూలు ఎంచుకొనువారికి మన మాసములే మంచి దారి చూపును. వైశాఖ జ్యేష్ఠముల ముహూర్తమునకు మల్లెను మించిన దేదియు లేదు. దానికి మరువమును, కనకాంబరమును తోడుచేసి కట్టిన కదంబము చాలును. శ్రావణమున జాజియు, సన్నజాజియు, మొగలియు లభించును. మొగలిరేకుల జడ కావలెనన్నవారు ఆ మాసముననే పెండ్లి చేయవలెను. కార్తీక మార్గశిరములు చేమంతికిని బంతికిని పట్టుగొమ్మలు. మాఘమున గులాబీ, కాగడాలు, దవనము. అకాలమున మల్లె కోరినవారు పదింతల వెల యిచ్చి శీతలపు పెట్టెలలో దూరమునుండి తెప్పించుకొందురు. అది పందిరి చేరునప్పటికే మొగ్గ బిగుసుకొనిపోయి విచ్చుట మానును. అమెరికాలోని తెలుగువారు విమానమున వచ్చిన మల్లెమూరను ఫ్రిజ్జులో దాచి కూతురి పెండ్లికి వాడుట వేరు సంగతి. వారికి మరియొక దారి లేదు. మనకు పెరటిలోనే దారి కలదు.

పూలజడ కుట్టగల ముసలమ్మలు ఇంకను మన పల్లెలలో కలరు. అరటినారను తడిపి, సూది లేకయే రెండు వ్రేళ్ళతో మొగ్గలు ముడివేయు దండకారులు ఇంకను గుడివీధులలో కలరు. వీరు పోవుటకు ముందు ఆ విద్యను నేర్చుకొనువారు కావలెను. నేర్చువారు రావలెనన్నచో దానిలో కూడు దొరకవలెను. కావున పెండ్లి తలపెట్టిన గృహస్థులకు నా మనవి యేమనగా: ముహూర్తము నిశ్చయమైన నాడే ఆ మాసమున మీ ప్రాంతమున పూచు పూవేదో విచారించి, మీ యూరి దండ కట్టువారిని పిలిచి పని చెప్పుడు, ఆర్కిడ్డులకు ఇచ్చు సొమ్ములో పదవవంతైనను వారి చేతికూలిగ, బేరము చేయక, ముందుగ ఇయ్యుడు, మీ యింట పూలజడ కుట్ట నేర్చిన పెద్దమ్మ యున్నచో, మీ ఆడపిల్లను ఆమె ప్రక్కన కూర్చుండబెట్టి, ఈ వేసవిలోనే సూది చేతికిండు.